చెవి ఒగ్గిన బడి

(గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి స్మారకోపన్యాసం. గవర్నర్‌పేట, విజయవాడ)

శనివారం సాయంత్రం ఈ వేళప్పుడు బీసెంట్ రోడ్డు జనాన్ని తోసుకుని ఇక్కడిదాకా రావడం సామాన్యమైన పని కాదు. వచ్చారు కాబట్టి మీ ఓపికకు తగిన సంగతే చెప్పాలని నా తాపత్రయం.

గిడుగు పంతులుగారి పేరు చెప్పగానే గ్రాంథికం, వ్యావహారికం అంటూ పాత తగువు తవ్వుకోవడం మనకి అలవాటు. ఇవాళ నేను దాని జోలికి పోను. పండితుణ్ణి, వాదిని కాసేపు అవతల పెట్టి, బడిపంతులును తలుచుకుందాం. 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన ఆ కుర్రాడు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చిన్న పంతులుగా చేరాడు. ఆ ఊరి చుట్టుపక్కల కొండల మీద సవరలు ఉండేవారు. వాళ్ళ మాట ఊళ్ళో ఎవరికీ పట్టలేదు, పంతులుగారికి పట్టింది. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే వాచకాలు రాశారు, బడులు పెట్టారు. ప్రభుత్వం బహుమానం ఇస్తానంటే, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టండి అన్నారని చెబుతారు. ఆ పల్లెల్లో తిరిగి తిరిగి జ్వరాలు తెచ్చుకున్నారు. క్వినైను మింగి మింగి చెవుడు తెచ్చుకున్నారు.

ఈ చివరి ముక్క దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. వినికిడి దెబ్బతిన్న ఆ మనిషి కంటే శ్రద్ధగా విన్న పంతులు తెలుగునాట నాకింకొకరు కనపడలేదు.

ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. పంతులుగారు వాడుక మాటని పుస్తకంలోకి తేవడానికి ప్రాణం పెట్టారు. ఆయన పోయిన దశాబ్దాలకి గానీ అది పూర్తిగా వాచకాల్లోకి రాలేదు, కానీ వచ్చింది. తరగతి గదిలోకి మాత్రం ఇంకా రాలేదు. ఒకటో తరగతి పిల్లవాడి నోట్లో ఆ మాట ఉంది, ఇంటి దగ్గర ఉంది, వీధిలో ఉంది. బడి గుమ్మం దగ్గర చెప్పులతో పాటు దాన్నీ విడిచి లోపలికి వస్తున్నాడు.

1

ఈమధ్య ఒక ఒకటో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఏ బడి అనేది అప్రస్తుతం. టీచరుగారు మామిడిపండు బొమ్మ చూపించి నా ముందున్న పిల్లని లేపారు. "ఇదేమిటి?" ఆ పిల్ల గౌను అంచు నలుపుతూ నేలచూపులు చూసింది. పక్కవాడు అందించాడు. "మామిడిపండు" అంది. "పూర్తి వాక్యంలో చెప్పాలి." "ఇది మామిడిపండు." కూర్చోమన్నారు. బయటికొచ్చాక టీచరుగారు నాతో, "దానికి మాటలు రావండీ, ఇంట్లో ఎవరూ పట్టించుకోరు" అన్నారు.

మధ్యాహ్నం అన్నాల వేళ అదే పిల్ల వరండాలో గుడ్డు ఒలుచుకుంటూ స్నేహితురాలికి చెబుతోంది. వాళ్ళమ్మ బీసెంట్ రోడ్డులో బండి మీద జడక్లిప్పులు అమ్ముతుందట. నేను స్తంభం చాటున నిలబడి, దొంగతనంగానే అనుకోండి, విన్నాను.

"నిన్న ఒకావిడొచ్చిందే, క్లిప్పులన్నీ కెలికేసి ఇదెంత అంది. మా అమ్మేమో అరవై అంది. ముప్ఫైకిస్తావా అంటే, బోణీ కూడా కాలేదమ్మా, నలభై ఐదు చేసుకో అంది. ఆవిడ వెళ్ళిపోయినట్టే వెళ్ళిపోయి మళ్ళీ వచ్చింది. వస్తదని మా అమ్మకి ముందే తెలుసంట. వెనక్కి తిరిగి చూస్తే వస్తారంట, చూడకపోతే రారంట."

ఇది మాటలు రాని పిల్ల!

వ్యాకరణం చెప్పే మాస్టార్లు ఇక్కడ ఉన్నారు గనక అడుగుతున్నాను, ఈ నాలుగు ముక్కల్లో ఏం లేదు? ఒకరి మాట ఒకరి నోట పెట్టి చెప్పడం ఉంది. "వెళ్ళిపోయినట్టే వెళ్ళిపోయి" అని నటననీ నిజాన్నీ ఒకే క్రియతో విడదీయడం ఉంది. చూస్తే ఏమవుతుందో, చూడకపోతే ఏమవుతుందో తేల్చే షరతు వాక్యాలున్నాయి. అన్నిటికంటే నన్ను పట్టేసింది ఆ చివరి "అంట". ఇది నేను చూసింది కాదు, మా అమ్మ చెప్పగా విన్నది అని ఆ పిల్ల అలాంటి ప్రతి వాక్యం చివరా సాక్ష్యం విడిగా కట్టి పెడుతోంది. తనకి తెలిసినదానికీ తను విన్నదానికీ మధ్య గీత గీస్తోంది. పత్రికల్లో రాసే పెద్దవాళ్ళు కూడా ఒక్కోసారి ఈ గీత మర్చిపోతారు.

ఆరేళ్ళు నిండేసరికి తెలుగు పిల్లలకి ఎంత వచ్చో మనం ఎప్పుడూ లెక్క వేసుకోం. "మనం వెళ్దాం" అంటే నువ్వూ ఉన్నావని, "మేం వెళ్తున్నాం" అంటే నువ్వు లేవని ప్రతి పిల్లకీ తెలుసు. ఎవరూ చెప్పలేదు. చాలా భాషల్లో ఆ తేడా చెప్పడానికి వేరే మాటే లేదు. మొన్న, అటుమొన్న, ఎల్లుండి అని కాలాన్ని కొలుస్తారు. "వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, పడుకున్నాడు" అని ఎన్ని పనులైనా దండ గుచ్చుతారు.

బార్బరా టిజార్డ్, మార్టిన్ హ్యూస్ అనే ఇద్దరు పరిశోధకులు లండన్‌లో 30 మంది నాలుగేళ్ళ ఆడపిల్లల మాటలు ఇంటి దగ్గరా, నర్సరీ బడిలోనూ రికార్డు చేసి 1984లో పుస్తకం వేశారు. ఇంట్లో తల్లి గిన్నెలు కడుగుతూ, బట్టలు మడత పెడుతూ పిల్లతో ఆడే మాట బడిలో టీచరు ఆడే మాట కంటే పొడుగ్గా, లోతుగా ఉంది. పనిపాటలు చేసుకునే వాళ్ళ ఇళ్ళలో కూడా అంతే. ఇంట్లో ప్రశ్నలతో ప్రాణం తీసే పిల్ల బడిలో పొడి మాటలు మాట్లాడింది. లండన్ దాకా ఎందుకు, మన వరండా చాలు.

2

మరి లోపల ఏం జరుగుతోంది?

మీలో చాలామందికి ఇది కంఠతా వచ్చు. టీచరుగారు నల్లబల్ల దగ్గర నిలబడి, "ఆవు మనకి పాలు ఇస్తుం—" అంటారు. తరగతి మొత్తం ఒక్క గొంతుతో "దీ!" అంటుంది. "ఆవు సాధు జం—" "తువు!" (నవ్వుతున్నారు కదా. నేనూ ముప్ఫై ఏళ్ళు ఇదే చేశాను.) బయట నుంచి వింటే తరగతి ఎంత హుషారుగా ఉందో అనిపిస్తుంది. జాగ్రత్తగా వినండి. ఆ వాక్యంలో పిల్లల వాటా ఒకటో రెండో అక్షరాలు. అది కూడా ముందు బెంచీలో నలుగురు మొదలెడితే మిగతావాళ్ళు తోకలా పట్టుకున్నది. వెనక కూర్చున్నవాడు నోరు ఆడిస్తున్నాడా, ఆవలిస్తున్నాడా అన్నది దేవుడికే తెలియాలి.

ఒక లెక్క వేద్దాం. నలభై నిమిషాల పీరియడు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతిలో ఒక టీచరుకి 30 మంది పిల్లలు. టీచరు ముప్ఫై నిమిషాలే మాట్లాడారని మొహమాటపడి ఒప్పుకుందాం. మిగిలిన పది నిమిషాలూ సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఇరవై సెకన్లు. అందులో సగం "దీ", "తువు"లకే పోతుంది.

మేరీ బడ్ రో అనే అమెరికా విద్యావేత్త 1970లలో తరగతి గదుల టేపులు పెట్టుకుని ఒక చిన్న విషయం కొలిచింది. టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతున్నారు? దాదాపు ఒక్క సెకను. ఆ ఒక్క సెకనునీ మూడు సెకన్లు చెయ్యమంది. జవాబులు పొడుగయ్యాయి, "తెలీదు" అనేవాళ్ళు తగ్గారు, అంతకుముందు నోరు విప్పనివాళ్ళు విప్పారు. పైసా ఖర్చు లేదు. చేసి చూస్తే మాత్రం మూడు సెకన్లు మూడు యుగాల్లా ఉంటాయి. ఇప్పుడు చూడండి.

...

అంతే, మూడు సెకన్లు. ఎంత ఇబ్బందిగా ఉందో చూశారా? నేను ఉపన్యాసం మర్చిపోయానేమోనని అధ్యక్షులవారు మంచినీళ్ళ గ్లాసు కూడా ఇటు జరిపారు.

పద్యాల సంగతి ఒక ముక్క. మన డెల్టాలో పిల్లవాడు బాగా మాట్లాడతాడు అంటే బాగా పద్యం చదువుతాడనే అర్థం. వార్షికోత్సవంలో గుక్క తిప్పుకోకుండా చదివితే తల్లిదండ్రులు మురిసిపోతారు. పద్యం మంచిదే, చెవికి అక్షరాల నడక పట్టిస్తుంది. కానీ అది ఇంకొకరి మాట. పద్యం దిగగానే "నిన్న ఏం చేశావురా?" అని అడిగితే అదే పిల్లవాడు తలకాయ గోక్కుంటున్నాడంటే, మనం ఒప్పజెప్పడం నేర్పాం, చెప్పడం నేర్పలేదు.

3

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

ఉపాధ్యాయ శిక్షణలో పని చేస్తున్న రోజుల్లో, రెండో తరగతికి పాఠం చెప్పి చూపిద్దామని ఒక బడికి వెళ్ళాను. కట్టడం పనులకి శ్రీకాకుళం నుంచి వలస వచ్చిన కుటుంబం పిల్లవాడు ఒకడున్నాడు. ఎవరైనా ఏదైనా చెప్పండిరా అంటే తనంతట తనే లేచాడు. "మా అయ్య నన్ను ఒగ్గేసి ఎల్లిపోనాడు" అన్నాడు. తరగతి గొల్లుమంది. నేను చాలా మృదువుగా, చాలా మర్యాదగా, "వదిలేసి వెళ్ళిపోయాడు అనాలి నాన్నా" అన్నాను. "వదిలేసి వెళ్ళిపోయాడు" అన్నాడు. కూర్చున్నాడు. నేను అక్కడున్న నెల రోజులూ వాడు మళ్ళీ లేవలేదు.

తర్వాత తెలిసింది, వాళ్ళ నాన్న పని వెతుక్కుంటూ హైదరాబాదు వెళ్ళి పిల్లవాణ్ణి మేనమామ దగ్గర ఉంచాడు. ఆ ముందు రోజే. వాడు క్లాసుకి ఒక కబురు చెప్పడానికి లేచాడు, నేను క్రియాపదం దిద్ది కూర్చోబెట్టాను. ఒక్కరమైనా "ఎక్కడికెళ్ళాడురా?" అని అడగలేదు.

"చెవి ఒగ్గి వినడం" అని మన పండితులే రాస్తారు. వాడి "ఒగ్గడం", ఈ "ఒగ్గడం" వేరు వేరు అర్థాలవి కావచ్చు. కానీ పుస్తకంలో ఉంటే సొగసు, పిల్లవాడి నోట్లో ఉంటే తప్పు అని నా బుర్రలో ఎక్కడో ఒక తూకం ఉంది, దాన్ని నేను ఆ రోజు పట్టుకున్నాను. ఇవాళ్టి మాటకి ఆ పేరు పెట్టుకున్నది అందుకే.

ఇక్కడ మన కృష్ణాతీరపు గర్వం గురించి కాస్త నిష్ఠూరంగా మాట్లాడక తప్పదు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ళ మాట పత్రికల్లోకి, రేడియోలోకి, సినిమాలోకి వెళ్ళి "మంచి తెలుగు" అయి కూర్చుంది. 1948 డిసెంబరు 1న ఈ ఊళ్ళో ఆకాశవాణి కేంద్రం మొదలైనప్పటి నుంచీ రాష్ట్రం నలుమూలలా మన గొంతే వినిపించింది. దాంతో భాష సమస్య ఏ కొండల్లోనో ఉంటుందిగానీ మన బడుల్లో ఏముంటుంది అనుకుంటాం. ఈ గవర్నర్‌పేట చుట్టుపక్కల ఏ ప్రాథమిక పాఠశాల హాజరుపట్టీ అయినా తీసి చూడండి. ఉత్తరాంధ్ర పిల్లలుంటారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలుంటారు. హిందీ, ఒడియా ఇళ్ళవాళ్ళుంటారు. పక్కా మన జిల్లా వాళ్ళే అయినా కాలవ గట్టున చేపలు పట్టుకునే ఇంటి పిల్ల మాట వేరు, వ్యాపారస్థుల ఇంటి పిల్ల మాట వేరు. వీళ్ళందరినీ మన టీచరు ఒకటే చెవితో వింటుంది. ఆ చెవికి ఆనని మాటంతా "మాటలు రావు" అనే ఖాతాలో పడిపోతుంది.

భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశం పని పెట్టుకున్నప్పుడు పుస్తకాలు ముందేసుకుని కూర్చోలేదు. రైతు దగ్గరికి, నేతగాడి దగ్గరికి మనుషులు వెళ్ళి, దీన్ని మీరేమంటారు అని అడిగి రాసుకొచ్చారు. 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు అచ్చయ్యాయి. నాగలిలో ఒక్కో భాగానికి ఊరూరా ఎన్ని పేర్లో చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆ పెద్దమనుషులు మారుమూల రైతుకిచ్చిన గౌరవం మనం ఏడేళ్ళ పిల్లవాడికి ఇవ్వలేమా? "ఒగ్గేయడం అంటే మేం వదిలేయడం అంటాం, మీరింకా ఏమేం అంటారు?" అని నేను ఆ రోజు అడిగి ఉంటే, ఆ పిల్లవాడు తరగతికి పది మాటలు నేర్పేవాడు. పుస్తకంలో రాసే మాట కూడా నేర్పాలి, కాదనను. తర్వాత నేర్పాలి. అతని మాటకి పక్కన ఇంకో మాటగా చేర్చి నేర్పాలి.

గిడుగు పంతులుగారు సవర పిల్లలతో చేసింది ఇదే కదా. తర్వాత 2004 ప్రాంతంలో మన రాష్ట్రం ఆ దారి మళ్ళీ పట్టింది. సవర, కోయ, కొండ, కువి, గోండి, కొలామి, ఆదివాసీ ఒడియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపితోనే వాచకాలు వేసి ఏజెన్సీ బడుల్లో మొదలుపెట్టింది. అక్కడ గుర్తించిన సంగతి పట్నంలో గుర్తించడం మనకి నామోషీగా ఉంది.

4

ఇంగ్లీషు మీడియం మాట ఎత్తకపోతే బయట టీకొట్టు దగ్గర మీరు నన్ను వదిలిపెట్టరు. టూకీగా చెబుతాను.

2019 నవంబరులో ప్రభుత్వం 1 నుంచి 6 తరగతులు ఇంగ్లీషు మీడియం అని జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టేసింది. అటు రాజ్యాంగంలో ప్రాథమిక చదువు మాతృభాషలో అందించమనే 350ఎ అధికరణం ఉంది, ఇటు తల్లిదండ్రుల ఆశ ఉంది. క్లిప్పులమ్మే తల్లి తన కూతురికి ఇంగ్లీషు కావాలంటే ఆవిడ తెలివితక్కువది కాదు. బజారు ఏ భాషకి ఎంత ఇస్తుందో మనకంటే ఆవిడకే బాగా తెలుసు. ఆ తల్లిని మాతృభాష మీద ప్రసంగంతో కొట్టే హక్కు, మన పిల్లల్ని కాన్వెంట్లలో వేసిన మనకి లేదు.

నా బాధ వేరు. ఆ తరగతుల్లో కూడా కూర్చున్నాను. "ది కౌ గివ్స్ అజ్ మిల్—" అంటారు. పిల్లలు "క్!" అంటారు. భాష మారింది, తోక మారలేదు. సంగతిని మొదటి నుంచి చివరిదాకా చెప్పడం, అడగడం, ఎదురు చెప్పడం, ఎందుకో వివరించడం అనే పనులు పిల్లకి ఒక భాషలో గట్టిపడితే రెండో భాషలోకి నడిచి వెళ్తాయి. ఏ భాషలోనూ గట్టిపడకపోతే రెండు భాషల్లోనూ ఒక్కొక్క అక్షరమే మిగులుతుంది. పుస్తకం మీద ఏ భాష ఉన్నా సరే, ఒకటి రెండు తరగతుల్లో మాట పిల్లవాడి భాషలో సాగనివ్వండి. నా మనవి అంతే.

5

ఏం చెయ్యాలి అంటారు. కొత్తవి కనిపెట్టి చెప్పడం లేదు. మంచి టీచర్లు చేస్తుండగా చూసి ఏరుకున్నవే.

ముందు ప్రశ్నలు. టీచరుకి జవాబు తెలుసని పిల్లలకి తెలుసు. మామిడిపండు బొమ్మ పట్టుకుని ఇదేమిటి అంటే, ఈవిడకి తెలియదా ఏంటి అని పిల్ల బిత్తరపోతుంది. అది మాట కాదు, తనిఖీ. మీకు తెలియనిది అడగండి. మీ వీధిలో నీళ్ళు ఎన్నింటికొస్తాయి? తమ్ముడు ఏడిస్తే ఎలా ఊరుకోబెడతావు? వాళ్ళు చెప్పేది మీకు నిజంగా కావాలని వాళ్ళకి తెలియాలి. పిల్లలు ఆ నిజం ఇట్టే పసిగడతారు.

తర్వాత గుంపు. ముప్ఫై మందితో ఒకేసారి మాట్లాడటం సభ అవుతుందిగానీ సంభాషణ కాదు. ఒక టీచరమ్మ రోజూ పది నిమిషాలు అయిదుగురిని చాప మీద కూర్చోబెట్టుకునేది. మిగతావాళ్ళు పలకల మీద బొమ్మలు వేసుకునేవారు. ఆరు రోజులు, ఆరు గుంపులు. వారానికి ఒక్కసారైనా ఒక్కో పిల్లకి రెండు నిమిషాలు ఏకబిగిన మాట్లాడే వీలు. మొదటి నెల గోల గోల అయిందట, రెండో నెలకి సర్దుకుందట. రెండు మూడు తరగతులు ఒకే గదిలో నడిపే ఏకోపాధ్యాయ బడిలో ఇది కష్టం, ఒప్పుకుంటాను. కానీ అక్కడ పెద్ద పిల్లలుంటారు. నాలుగో తరగతి పిల్ల ఒకటో తరగతి వాళ్ళకి కథ చెబితే ఇద్దరికీ లాభమే.

దిద్దడం గురించి ఒక చిట్కా. పిల్లవాడు "బండి పడింది" అంటాడు. తప్పొప్పుల జోలికి పోకుండా, అదే మాటని కాస్త నింపి తిరిగి వాడికిస్తుంది ఆ టీచరమ్మ. "అరటికాయల బండా? కాలవ గట్టు మీంచి పడిపోయిందా?" "కాదు టీచర్, వంతెన మీంచి. కాయలన్నీ దొర్లిపోయినయ్. అందరూ ఏరుకున్నారు, ఒకడు ఎత్తుకుపోయాడు." అమ్మలు పసిపిల్లలతో రోజంతా చేసేది ఇదే. దానికి శిక్షణ శిబిరం అక్కర్లేదు. టీచరు కుర్చీలో కూర్చోగానే మర్చిపోకుండా ఉంటే చాలు.

నాకు బాగా ఇష్టమైంది కబురు పంపడం. చీటీ రాయకండి, పిల్లని పంపండి. "రెండో తరగతి టీచరుగారి దగ్గరికెళ్ళి, మా దగ్గర సుద్దముక్కలు అయిపోయాయి, రంగువి రెండుంటే ఇప్పించండి, సాయంత్రం తిరిగి ఇచ్చేస్తాం అని చెప్పిరా." ఆ పిల్ల దారి పొడుగునా గొణుక్కుంటూ వెళ్తుంది. అక్కడ "మా టీచరుగారు ఇప్పించమన్నారు" అని మాటని తిప్పుకోవాలి. జవాబు మోసుకురావాలి. ఎప్పుడూ క్లాసు లీడరునే కాకుండా మాట్లాడని పిల్లల్నే పంపాలి. ఒకసారి ఒక పిల్ల తిరిగొచ్చి చెప్పింది, "రంగువి లేవంట టీచర్. తెల్లవి చాలా అని అడిగారు. నేను చాలన్నాను." చూశారా? అక్కడ నిలబడి తనే నిర్ణయం చేసుకొచ్చింది.

అచ్చుకీ, మాటకీ ముడి వేసిన సంగతొకటి చెబుతాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు సింగ్‌నగర్‌ని, చుట్టుపక్కల పేటల్ని ముంచెత్తిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ సభలోనే మేడ మీద రాత్రిళ్ళు గడిపినవాళ్ళు ఉంటారు. నీళ్ళు తీశాక బడి తెరిచినప్పుడు పుస్తకాలు లేవు. ఉన్నవి ఉబ్బిపోయి ఉన్నాయి. నాకు తెలిసిన ఒక టీచరు, పుస్తకం లేదు గనక, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి "ఏమైందో చెప్పండి" అంది. గంటసేపు ఆవిడ నోరు విప్పలేదు. విప్పాల్సిన అవసరం రాలేదు. ఫ్రిజ్ పడవలాగా తేలిందన్నాడొకడు. డ్రోను పొట్లం జారవిడిస్తే పక్కింటివాళ్ళ మేడ మీద పడిందని ఇంకొకడు. "మా నానమ్మ ఏడవలేదు, మేం ఏడుస్తామని" అంది ఒక పిల్ల. ఆవిడ ఆ వాక్యాలన్నీ ఒక్క అక్షరం మార్చకుండా నల్లబల్ల మీద రాసింది. ఎవరి వాక్యం కింద వాళ్ళ పేరు. రెండు వారాలు అదే వాళ్ళ వాచకం. "ఫ్రిజ్ పడవలాగా తేలింది" అనే వాక్యాన్ని అప్పటికి అక్షరాలు రాని పిల్లవాడు వేలు పెట్టి చదివాడు. ఎందుకు చదవడు? అది వాడిదే.

ఈ ప్రాంతానికి ఇలాంటి ధైర్యం కొత్త కాదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు తొలిసారి కూడింది ఈ బెజవాడ రామమోహన గ్రంథాలయంలో. 1935లో పెదపాలెం పాతూరి నాగభూషణంగారు పుస్తకాలు పడవకెక్కించి కాలవ వెంట ఊరూరికీ పంపారు. చదివేవాళ్ళు రాకపోతే పుస్తకమే వెళ్ళాలనుకున్నారు. వరద బడి టీచరు ఆ పడవని ఎదురు నడిపింది, పిల్లల ఇళ్ళ నుంచి పుస్తకంలోకి.

6

ఇన్నేళ్ళూ ఇది నాలాంటి వాళ్ళ చాదస్తం. ఇప్పుడు ప్రభుత్వ కాగితాల్లోకే వచ్చింది. 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమంలో మౌఖిక భాష ఉంది. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మౌఖిక భాష, పదాలు గుర్తించడం, చదవడం, రాయడం అని భాషా బోధనకి నాలుగు దిమ్మెలు చెబుతూ మాటనే ముందు పెట్టింది. సంతోషం. అయితే పై నుంచి వచ్చే తనిఖీలో అడిగేది ఎంతమంది పేరా చదవగలరనే. మాట కొలిచే గడి ఫారంలో ఉంటే ఉంటుంది, దాంట్లో అందరికీ టిక్కు పడిపోతుంది. టిక్కు బదులు, ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. పిల్లకొక పేజీ. నెలకొకసారి, ఆ పిల్ల అన్న ఒక్క వాక్యం తేదీ వేసి ఉన్నది ఉన్నట్టు రాయండి. జూన్ వాక్యం పక్కన జనవరి వాక్యం పెట్టి చూసుకోండి. ఎవరి పేజీ ఖాళీగా ఉందో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఖాళీ పేజీ అంటే సిగ్గే అనుకోకండి. ఆ పిల్లకి చెవి సరిగా వినిపించకపోవచ్చు. జలుబు చేసి చెవి కారే పిల్లలు ప్రతి తరగతిలో ఇద్దరు ముగ్గురుంటారు, పిలిస్తే పలకడం లేదని దెబ్బలు తింటారు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్య బృందం వినికిడి లోపాన్నీ, మాట ఆలస్యాన్నీ చూస్తుంది. వాళ్ళొచ్చిన రోజు ఆ ఖాళీ పేజీ పిల్లని ముందు వరసలో నిలబెట్టండి. చెవుడు వచ్చిన పంతులుగారి పేరు మీద ఈ మాట చెప్పకపోతే బాగుండదు.

టైమైపోయిందని అధ్యక్షులవారు గడియారం వైపు చూస్తున్నారు. ఒక్కటి చెప్పి దిగుతాను.

వరండాలో విన్న ఆ క్లిప్పుల పిల్ల టీచరుగారికి నేను ఆ సంగతి చెప్పాను. ఆవిడ మొదట నమ్మలేదు. తర్వాత చాప వేసింది. రెండు నెలలకి మళ్ళీ వెళ్తే తరగతిలో పొడుపు కథలు నడుస్తున్నాయి. పాతవి కాదు, ఎవరిది వాళ్ళే కట్టాలని షరతు. ఆ పిల్ల నన్ను గుర్తుపట్టింది. నా ముందుకొచ్చి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"పగలంతా చుట్టచుట్టుకుని పైన పడుకుంటది. రాత్రయితే కిందకి దిగి కాపలా కాస్తది. అదేంటో చెప్పండి."

నాకు తట్టలేదు. మూడు సెకన్లు ఇచ్చింది. ఇంకో మూడు ఇచ్చింది. పామన్నాను. "పాము కాపలా కాస్తదా తాతగారూ?" అంది. చాప అన్నాను. "చాప కిందే ఉంటది కదా" అంది. ఓడిపోయాను, చెప్పమ్మా అన్నాను. చెప్పనంది. మా అమ్మ బండి దగ్గర రాత్రి తొమ్మిదింటికి నిలబడితే మీకే తెలుస్తుందంది.

ఇప్పుడు ఎనిమిదీ నలభై. మీరు మెట్లు దిగి బీసెంట్ రోడ్డులోకి వెళ్ళేసరికి, రెండు పక్కలా అవి గరగరమంటూ దిగుతూ ఉంటాయి.